ముహూర్తానికి తిప్పిన గడియారం

జక్రయ్య తాగి పడుకున్నాడని నలుగురిలో తేల్చింది ఒక కాగితం. ఆ కాగితం ప్రింటు తీసి ఇచ్చింది నేను.

అద్దంకి నుంచి నరసరావుపేట వెళ్లే రోడ్డు మీద ఉంది మా కోల్డ్ స్టోరేజీ. మిరపకాయలు దాచే చోటు. నాలుగు గదులు, గదికో మిషను. కరెంటు పోయి వస్తే మూడో గది పాత మిషనును మాత్రం మనిషే స్టార్టు చెయ్యాలి. నేను కాటా దగ్గర గుమాస్తాను. లారీ కాటా ఎక్కితే బరువు చూసి చీటీ కొట్టి ఇవ్వడం నా పని. పదో తరగతి మా ఊళ్లో చదివాను. కంప్యూటరు నలభై ఆరో ఏట నేర్చుకున్నాను, నేర్చుకోకపోతే పొమ్మన్నారు కాబట్టి. జక్రయ్య మిషను ఆపరేటరు. గదులు చల్లగా ఉండాలంటే అతని చెయ్యి పడాలి. పంతొమ్మిదేళ్లుగా చేస్తున్నాడు. వెనకాల రెండు గదుల క్వార్టర్సులో అతనూ, భార్య పున్నమ్మా ఉంటారు.

బుధవారం పొద్దున సైదా వచ్చాడు. కౌలు రైతు. మూడో గదిలో అతనివి నలభై బస్తాలున్నాయి. వ్యాపారికి చూపించాలి, రెండు బస్తాలు దించమన్నాడు. హమాలీలు దించారు. గోనె తడిగా ఉంది. మూతి విప్పితే లోపల తెల్లగా బూజు. తలుపు పక్క వరసలో ఉన్నవన్నీ అంతే. లోపలి వరసలు బాగానే ఉన్నాయి.

సైదా ఒక కాయ తీసి వాసన చూసి కింద పడేశాడు.

"ఏందండీ ఇది?" అన్నాడు.

"తడికాయ తెచ్చి పెట్టావేమో" అన్నాడు కార్తిక్. మా ఓనరు శేషాచలం గారి మేనల్లుడు. ఇంజినీరింగు చదివాడు. ఇక్కడి కంప్యూటర్లూ కెమెరాలూ చూసేది అతనే.

"తడికాయా? కళ్లంలో పన్నెండు రోజులు ఎండబెట్టాను బాబూ. చేత్తో నలిపితే పొడయ్యేది. నువ్వసలు మిరపకాయ చూశావా, ఫోనులో చూశావా?"

హమాలీలు నవ్వారు. కార్తిక్ మొహం ఎర్రబడింది.

చలిలో ఉన్న బస్తాకు వేడిగాలి తగిలితే చెమట పడుతుంది. ఆ చెమట లోపల ఆరదు. పది రోజుల్లో బూజు కడుతుంది. అంటే ఎప్పుడో మిషను ఆగింది, గది తలుపు సందు వదిలి ఉంది. ఈ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు. ఎప్పుడు ఆగింది, అప్పుడు మిషను దగ్గర ఎవరున్నారు అన్నదే తెలియాలి.

నా గదిలో ఉన్న ఒక్క కంప్యూటరే అన్నిటికీ. కాటా చీటీలు అందులోంచే వస్తాయి. గదుల్లో ఎంత వేడి ఉందో పది నిమిషాలకోసారి దానంతటదే రాసుకునేదీ అందులోనే. ఆ రాత ఎవరూ ఎప్పుడూ తీసి చూడరు. ఆ రోజు శేషాచలం గారు తీయమన్నారు. వెతికాను. పదకొండో తారీకు ఆదివారం దొరికింది. ఆ ఒక్క రోజు కాగితం ప్రింటు తీసి ఇచ్చాను. మధ్యాహ్నం మూడూ నలభైకి మూడో గదిలో వేడి పెరగడం మొదలైంది. ఏడు డిగ్రీల నుంచి పదహారు దాకా పోయింది. సాయంత్రం ఆరూ నలభైకి మళ్లీ తగ్గడం మొదలైంది. మూడు గంటలు మిషను తిరగలేదు.

పగలు ఏడు నుంచి ఏడు దాకా జక్రయ్య డ్యూటీ. ఆదివారం మాత్రం తొమ్మిదిన్నర నుంచి ఒంటిగంట దాకా చర్చిలో ఆరాధనకు వెళతాడు. పంతొమ్మిదేళ్లుగా అదే ఒప్పందం. ఆ కాసేపూ ఈమధ్య కార్తిక్ కూర్చుంటున్నాడు. మూడూ నలభై అంటే మాత్రం జక్రయ్యదే.

బస్తాలు దించే ప్లాట్‌ఫారం మీదికి జక్రయ్యను పిలిపించారు. వచ్చాడు. చేతులకు నూనె.

"అయ్యా, మూడూ నలభైకి నేను అక్కడే ఉన్నా. మిషను తిరుగుతానే ఉంది. ఆగింది పొద్దున. నేను గుడి నుంచి వచ్చేసరికి ఆగిపోయి ఉంది. కరెంటు పోయి వచ్చినట్టుంది, ఎవరూ స్టార్టు చెయ్యలేదు. గది తలుపు కూడా సందుగా ఉంది. నేనే మూసి స్టార్టు చేశా. చినబాబుకు చెప్పా. మామయ్యకు నేను చెబుతాలే అన్నాడు."

"నాకెప్పుడు చెప్పావ్?" అన్నాడు కార్తిక్.

జక్రయ్య తన పుస్తకం తెచ్చి చూపించాడు. గంటగంటకూ చేత్తో రాసే పుస్తకం. ఆదివారం ఒంటిగంటా ఐదుకు మిషను ఆగి ఉంది, పదహారు డిగ్రీలు, స్టార్టు చేశాను అని ఉంది.

శేషాచలం గారు దాన్ని చేతిలోకి తీసుకోలేదు. "పుస్తకంలో ఎప్పుడు కావాలంటే అప్పుడు రాసుకోవచ్చు. కంప్యూటరుకు నీ మీద పగేమన్నా ఉందా?"

"అన్నం తిని కునుకేసుంటాడు మామయ్యా."

"మూడు గంటల కునుకా? తాగి పడుంటాడు."

పదకొండు మంది హమాలీలున్నారు. సైదా ఉన్నాడు. పున్నమ్మ క్వార్టర్సు వాకిట్లోంచి వింటోంది. జక్రయ్య వాళ్ల చర్చి సంఘంలో పెద్ద. మందు ముట్టి ఇరవై రెండేళ్లయింది. అతను నా వైపు చూశాడు.

"కాగితం అబద్ధం చెప్పదు జక్రయ్యా" అన్నాను నేను.

అతను పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాడు. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండుకల్లా తాళాలిచ్చి క్వార్టర్సు ఖాళీ చెయ్యమన్నారు శేషాచలం గారు.

శుక్రవారం పదిన్నర దాటాక జక్రయ్య నా కిటికీ దగ్గరికి వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. నేను అతన్ని పని రోజున ఉతికిన చొక్కాలో ఎప్పుడూ చూడలేదు.

"అన్నా, ఆ కాగితం ఇంకోటి తీసిస్తావా?"

"ఎందుకు?"

"పున్నమ్మ అడుగుతోంది. నిజం చెప్పు, తాగావా అంటోంది. తాగలేదని దానికి తెలుసు. అయినా అడుగుతోంది. కాగితంలో ఏముందో తనే చూసుకుంటానంటోంది. దానికి చదువొచ్చు."

"చూసి?"

"ఏమో. రాత్రే సామాన్లు కట్టేసింది. కడుతున్నంతసేపూ నాతో మాట్లాడలేదు."

నేను కంప్యూటరు వైపు తిరిగాను. పదకొండో తారీకు అని కొట్టాను. ఎప్పటి దాకా అన్న చోట తారీకు మార్చడం మరిచిపోయాను. ప్రింటరు ఆగలేదు. పదమూడు రోజుల కాగితాలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. కట్ట కాగితాలు తగలేశానని నన్ను నేను తిట్టుకుంటూ వాటిని సర్దాను. అన్నిటికన్నా పైన చివరి కాగితం ఉంది. దాని చివరి వరస చూశాను.

ఇరవై మూడో తారీకు, సాయంత్రం నాలుగూ ఇరవై. మూడో గది, ఆరు పాయింటు ఎనిమిది డిగ్రీలు.

ఇరవై మూడు ఆ రోజే. గోడ మీద గడియారం చూశాను. పదిముప్పావు దాటి ఐదు నిమిషాలు. ఫోను చూశాను. అదే. కంప్యూటరు తెర మీద కింద మూలన ఉన్న గడియారం చూశాను. అదీ పదీ యాభై అనే అంటోంది.

"జక్రయ్యా, ఇప్పుడు టైమెంత?"

"పదకొండు కావస్తోంది. వెళ్లిపోతాలే అన్నా, ఇంకా గంట ఉంది కదా."

"అది కాదు. ఇవాళ సాయంత్రం నాలుగూ ఇరవైకి మూడో గదిలో ఎంత వేడి ఉందో దీంట్లో రాసుంది."

"ఎంత ఉంటుందనా?"

"ఉంటుందని కాదు. ఉందని."

అతను కిటికీలోంచి తల లోపలికి పెట్టి చూశాడు. "ఇంకా సాయంత్రం కాలేదు కదన్నా."

"కాలేదు."

వేళ్ల మీద లెక్క పెట్టాను. పదీ యాభైకీ నాలుగూ ఇరవైకీ మధ్య ఐదున్నర గంటలు. ఆదివారం మూడూ నలభైలోంచి ఐదున్నర తీసేస్తే పదీ పది. ఆరూ నలభైలోంచి తీసేస్తే ఒంటిగంటా పది. అతని పుస్తకంలో ఒంటిగంటా ఐదుకు స్టార్టు చేశాను అని ఉంది.

"ఆదివారం పొద్దున పదీ పదికి నువ్వెక్కడున్నావ్?"

"గుళ్లో. రెండో పాటో మూడో పాటో పాడుతుంటాం."

అతనికి ఇంకా అర్థం కాలేదు. నాకైంది. అయినా నాకు అర్థమైనంత మాత్రాన శేషాచలం గారికి కాదు. తెర మీద గడియారం సరిగ్గానే ఉంది. తెర ఒకటి చెప్పి కాగితం ఇంకొకటి ఎలా చెబుతుంది? కంప్యూటరు పక్కన ఆ వేడి లెక్కల ప్రోగ్రాము అమ్మినవాళ్ల నంబరు అతికించి ఉంది. గుంటూరు నంబరు. చేశాను. రాగసుధ అనే అమ్మాయి ఎత్తింది. జరిగింది చెప్పాను.

"తెర మీద టైము సరిగ్గా ఉందాండీ?"

"ఉందమ్మా. అదే కదా గొడవ."

"టైము కాదండీ, టైము జోను చూడాలి. మీ కంప్యూటరు ఏ దేశం టైములో ఉన్నాననుకుంటోందో చూడండి. కింద మూల గడియారం ఉంది కదా, దాని మీద కుడి బటను నొక్కండి. తేదీ, టైము సర్దే చోటు వస్తుంది. దాంట్లో ఊళ్ల పేర్లుంటాయి."

నొక్కాను. కళ్లజోడు పెట్టుకున్నాను. "మన్రోవియా అని ఉంది. పక్కన రెక్... రెక్జా... రెక్జావిక్."

ఆ అమ్మాయి నవ్వింది. "అయ్యో. మీరు అద్దంకి దగ్గర లేరండీ. ఐస్‌లాండులో ఉన్నారు."

"ఎక్కడది?"

"మంచు దేశమండీ."

"మాది కోల్డ్ స్టోరేజీ కదమ్మా. ఎవరో ఆలోచించే పెట్టినట్టున్నారు."

జక్రయ్య కిటికీ బయట నిలబడి నా మొహం చూస్తున్నాడు. నేను నవ్వడం అతను ఈమధ్య చూసి ఉండడు.

ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. "మా ప్రోగ్రాము లోపల ప్రపంచమంతటికీ కలిపి ఒకే టైములో రాసుకుంటుందండీ. మీకు కాగితం తీసేటప్పుడు మన దేశానికని దానికి ఐదున్నర గంటలు కలుపుతుంది. ఆ మంచు దేశం టైమూ, ప్రపంచం టైమూ ఒకటే. మీ కంప్యూటరు నేను అక్కడున్నానంటోంది. ఎవరో ఆ దేశం పేరు అలాగే ఉంచేసి గడియారం మాత్రం మన టైముకు తిప్పారు. దాంతో మీ పొద్దున పదిని అది ప్రపంచం పది అనుకుంది. దానికింకో ఐదున్నర కలిపింది."

"ఎప్పట్నుంచి ఇలా?"

"గడియారం ఎప్పుడు తిప్పారో అప్పట్నుంచి."

ఎప్పుడు తిప్పారో నాకు తెలుసు. ఫిబ్రవరిలో ఈ కంప్యూటరు కొత్తగా వచ్చింది. శేషాచలం గారు ముహూర్తం పెట్టించారు. పదీ నలభై రెండు. పూజారి గారొచ్చారు. కీబోర్డుకు పసుపు రాశారు, తెరకు బొట్టు పెట్టారు. మొదటి కాటా చీటీ మీద ముహూర్తం టైమే పడాలన్నారు శేషాచలం గారు. తీరా తెర మీద చూస్తే ఐదూ పన్నెండు అని ఉంది. "ఇదేంట్రా, తెల్లవారుజాము చూపిస్తోంది? మొదటి చీటీ మీద ఇదా పడేది?" అని ఆయన కంగారు పడ్డారు. "ఒక్క నిమిషం మామయ్యా" అని కార్తిక్ గడియారాన్ని పదీ నలభై రెండుకు తిప్పాడు. చీటీ వచ్చింది. ఆయన దాన్ని కళ్లకద్దుకున్నారు. ముహూర్తానికి పెట్టిన టైము ఇది, ఇక దీన్ని ఎవరూ ముట్టుకోవద్దన్నారు. ఎవరూ ముట్టుకోలేదు. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. కొబ్బరి ముక్క తిన్నాను.

"సరిచెయ్యడం ఎలా?" అన్నాను ఫోనులో.

"ముందు మన దేశం ఎంచుకోవాలండీ. చెన్నై, కోల్‌కతా, ముంబై అని ఉంటుంది. ఎంచుకోగానే గడియారం ఐదున్నర గంటలు ముందుకు దూకుతుంది. భయపడకండి. అప్పుడు టైము వెనక్కి తిప్పి మీ ఫోనుతో సరిచూసుకోండి. రెండూ చెయ్యాలి. కానీ ఇప్పుడే చెయ్యొద్దు."

"ఏం?"

"సరిచేశాక ఇక ముందు రాబోయే టైము ఆ కాగితంలో కనపడదు. అప్పుడు మీ మాట ఎవరు నమ్ముతారు? ముందు మీ ఓనరు గారికి ఆయన కళ్ల ముందే ఒక కాగితం తీసి చూపించండి. పాత రాతలన్నీ ఐదున్నర ముందున్నాయని మా కంపెనీ తరఫున నేనూ రాసి పంపిస్తాను. ఎవరిదన్నా ఉద్యోగం సంగతాండీ?"

"అవునమ్మా."

"అయితే ఫోను పెట్టేసి వెళ్లండి ముందు" అంది.

వెళ్లే పని లేకపోయింది. కార్తిక్ లోపలికి వచ్చాడు. తెర మీద తెరిచి ఉన్నది చూశాడు. నా చేతిలో కాగితం చూశాడు. చదువుకున్నవాడు కదా, నాకు అరగంట పట్టినది అతనికి ఒక్క క్షణంలో తెలిసింది.

"లేవండి త్రికోటి గారూ. చిన్న సెట్టింగు. నేను చేసేస్తాను."

"తరవాత చేద్దువులే."

"రెండు నిమిషాలండీ. లేవండి." మౌసు మీద చెయ్యి వేశాడు.

నేను లేవలేదు. అతను నిలబడే వంగి ఆ ఊళ్ల పేర్ల దగ్గరికి పోయాడు. నేను చెయ్యగలిగింది ఏమీ లేదు. అతను యజమాని మనిషి, నేను జీతగాణ్ణి. జక్రయ్యను కేకేసి "అయ్యగారిని పిలువు" అన్నాను.

పిలవక్కర్లేకపోయింది. తాళాలు తీసుకోవడానికి శేషాచలం గారే వస్తున్నారు. ఆయన వెనక సైదా, తన బస్తాల సంగతి తేల్చమంటూ.

"ఏంట్రా?" అన్నారు శేషాచలం గారు.

"ఏం లేదు మామయ్యా. కంప్యూటరులో టైము సెట్టింగు ఒకటి తేడాగా ఉంది. సరిచేస్తున్నా."

శేషాచలం గారు గోడ గడియారం చూశారు. పదకొండూ పది. ఆయన గొంతు మారింది. "ఒరేయ్, ఇవాళ శుక్రవారం! పన్నెండు దాకా రాహుకాలం. ముహూర్తానికి పెట్టిన టైమును రాహుకాలంలో ముట్టుకుంటావా? చెయ్యి తియ్యి. తియ్యి ముందు!"

కార్తిక్ చెయ్యి తీశాడు. రాహుకాలానికి నేను మనసులో దణ్ణం పెట్టుకుంది నా జన్మలో ఆ ఒక్కసారే.

"ముట్టుకోనక్కర్లేదండీ. చూస్తే చాలు" అన్నాను. ఆయన కళ్ల ముందే ఆ రోజు కాగితం మళ్లీ ప్రింటు కొట్టాను. చివరి వరస మీద వేలు పెట్టాను. "ఇప్పుడు టైమెంతో చెప్పండి. ఇక్కడెంత ఉందో చదవండి."

ఆయన చదివారు. మళ్లీ గడియారం చూశారు. సాయంత్రం నాలుగూ నలభై. సైదా ఆయన భుజం మీదుగా తొంగి చూశాడు.

"నాలుగూ నలభైయా? ఏమండీ, సాయంత్రానికి మిర్చి యార్డులో కాయ ధర ఎంతుంటుందో కూడా చెబుతుందా ఇది?"

ఎవరూ నవ్వలేదు. నేను ఐదున్నర గంటల సంగతి చెప్పాను. ఫిబ్రవరిలో ముహూర్తం సంగతి చెప్పాను. ఆదివారం కాగితం పక్కన పెట్టి, మూడూ నలభై కొట్టేసి పెన్నుతో పదీ పది అని రాశాను. జక్రయ్య పుస్తకం తెప్పించి దాని పక్కన పెట్టాను. ఈసారి శేషాచలం గారు పుస్తకాన్ని చేతిలోకి తీసుకున్నారు. ఆదివారం వరస మీద వేలు పెట్టి చదివారు.

"ఆదివారం పదీ పదికి మిషను దగ్గర ఎవరున్నారు?" అన్నారు. ఎవరున్నారో ఆయనకు తెలుసు.

"కరెంటు పోయింది మామయ్యా" అన్నాడు కార్తిక్.

"పోయింది. వచ్చింది. వచ్చాక నువ్వెక్కడున్నావ్?"

"అద్దంకిలో. మావాడి సెల్‌ఫోన్ల షాపు ఓపెనింగు. పావుగంటలో వచ్చేద్దామనుకున్నా. వాళ్లు భోజనం చేసి పొమ్మన్నారు."

"గది తలుపు?"

"వేసినట్టే గుర్తు."

"గుర్తంట!" అన్నాడు సైదా.

"జక్రయ్య నీకు చెప్పాడా?"

కార్తిక్ నేల చూశాడు. "చెప్పాడు. మీరు తిడతారని..." కళ్లనిండా నీళ్లు. నాకు జాలి కలగలేదు. బుధవారం జక్రయ్య ప్లాట్‌ఫారం మీద నిలబడ్డప్పుడు ఆ కళ్లకు నీళ్లు రాలేదు.

శేషాచలం గారు పుస్తకం మూశారు. "సరే జక్రయ్యా. తాళాలు నీ దగ్గరే ఉంచుకో. పోయి మిషను చూసుకో. కంప్యూటరు తప్పుకు ఎవరేం చేస్తాం."

జక్రయ్య కదలలేదు. జేబులోంచి తాళాల గుత్తి తీసి నా బల్ల మీద పెట్టాడు.

"అయ్యా, మిషను ఆపావంటే పడేవాణ్ణి. తాగి పడుకున్నావన్నారు. ప్లాట్‌ఫారం మీద అన్నారు. అందరూ విన్నారు. మా ఇంటిది విన్నది."

"అయితే ఇప్పుడేం చెయ్యమంటావ్? దండోరా వేయించనా?"

"అక్కడన్న మాట అక్కడే తీసెయ్యండి. మీరు తియ్యకపోతే నేను ఇక్కడ ఉండలేను. రేపు ఏ ఒక్క బస్తా పాడైనా తాగాడంటారు. ఇవిగో తాళాలు."

శేషాచలం గారికి అరవై ఎనిమిదేళ్లు. హమాలీల ముందు ఆయన మాట వెనక్కి తీసుకోవడం నేను చూడలేదు. ఎవరూ చూసి ఉండరు. ఆయన గోడ వైపు చూస్తూ నిలబడ్డారు. జక్రయ్య తాళాల వైపు చూడకుండా నిలబడ్డాడు. ఉద్యోగం తిరిగి వచ్చింది, మనిషి వెళ్లిపోయేలా ఉన్నాడు.

ఆ ప్లాట్‌ఫారం మీద మాట అన్నది ఆయన ఒక్కడే కాదు. నేను లేచి బయటికి వెళ్లాను. హమాలీలు లారీ దించుతున్నారు. ఆగమన్నాను. ఆగారు.

"ఆదివారం మూడో గది మిషను ఆగినప్పుడు జక్రయ్య గుళ్లో ఉన్నాడు. కంప్యూటరులో టైము తప్పు. బుధవారం నేను తీసిచ్చిన కాగితం తప్పు. కాగితం అబద్ధం చెప్పదని నేనన్నాను. అది నా తప్పు."

"మరి తాగి పడుకున్నదెవరు?" అన్నాడు హమాలీల మేస్త్రీ, తలపాగా విప్పి మొహం తుడుచుకుంటూ.

"ఎవరూ పడుకోలేదు."

అన్నది నేను కాదు. శేషాచలం గారు నా వెనక తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. రెండడుగులు ముందుకు వచ్చారు. హమాలీల వైపు చూడలేదు, లారీ టైర్ల వైపు చూస్తూ గబగబా చెప్పారు. "మావాడు మిషను వదిలేసి ఊరెళ్లాడు. అక్కడ మనిషి లేడు. జక్రయ్య తాగలేదు, పడుకోలేదు. నేనన్న మాట తప్పు. చాలా?"

చివరి మాట ఎవరినడిగారో తెలియదు. క్వార్టర్సు ముందు మూటల పక్కన పున్నమ్మ నిలబడి ఉంది. ఒక మూట ఎత్తి లోపల పెట్టింది. తరవాత ఇంకోటి.

సైదా పోయిన బస్తాలకు బదులు తన సొంత కాయ ఇస్తానని శేషాచలం గారు ఒప్పుకున్నారు. సైదా రెండు బస్తాలు విప్పి చూశాకే సరేనన్నాడు. నేనూ అతని చోట ఉంటే అదే చేసేవాణ్ణి.

పన్నెండు దాటింది. గోడ గడియారంలో పన్నెండూ ఐదు అయ్యాక శేషాచలం గారు నాకు తల ఊపారు. కార్తిక్‌కు కాదు. ఆ అమ్మాయి చెప్పినట్టే ముందు చెన్నై, కోల్‌కతా ఉన్న వరస ఎంచుకున్నాను. తెర మీద గడియారం సాయంత్రం ఐదూ ముప్పై ఐదుకు దూకింది. వెనక నిలబడ్డ శేషాచలం గారు "అయ్యో" అన్నారు. ఫోను చూసి పన్నెండూ ఐదుకు తిప్పాను. పది నిమిషాలు ఆగి కొత్త కాగితం తీశాను. చివరి వరసలో పన్నెండూ పది. మొదటిసారి తెర, గోడ, కాగితం మూడూ ఒకే మాట చెప్పాయి. ఫిబ్రవరి నుంచి మే ఇరవై మూడు దాకా ఉన్న పాత రాతల్లో ఐదున్నర గంటలు తీసేసి చదువుకోవాలని పెద్ద అక్షరాలతో రాసి కంప్యూటరు మీద అతికించాను.

సాయంత్రం జక్రయ్య మళ్లీ కిటికీ దగ్గరికి వచ్చాడు. పాత చొక్కా వేసుకున్నాడు.

"ఆయనన్నది ఆయన నోటి అలవాటు అన్నా" అన్నాడు. "నువ్వు కూడా అన్నావు. నాకు అదే ఎక్కువ తగిలింది."

నా భార్య సుబ్బరావమ్మ పోయి నాలుగేళ్లు. గుండె నొప్పిని గ్యాసు నొప్పి అని చెప్పి మాత్ర ఇచ్చి పంపిన ఆర్‌ఎంపీ డాక్టరు ఇప్పటికీ మా వీధిలోంచే బండి మీద వెళతాడు. తప్పయిపోయింది అని ఒకసారి మా ఇంటికొచ్చాడు. నేను తలుపు వేసుకున్నాను. మళ్లీ వచ్చినా వేసుకుంటాను. నేను ఇవ్వనిదాన్ని జక్రయ్యను ఏ మొహం పెట్టుకుని అడగను? క్షమించమని అడగలేదు.

"అన్నాను" అన్నాను.

అతను తల ఊపాడు. వెళ్లలేదు. "ఎల్లుండి ఆదివారం. నేను ఆరాధనకు పోతే మిషను దగ్గర ఎవరు కూర్చుంటారో అయ్యగారు చెప్పలేదు. చినబాబును మళ్లీ నమ్మలేను. పోకుండా ఉందామా అనుకుంటున్నా. ఈ వారం పోకపోతే మాత్రం సంఘంలో ఏమనుకుంటారో నీకు తెలుసు."

"నేను కూర్చుంటా."

"నీకు ఆదివారం సెలవు కదా."

"సెలవు రోజు ఇంట్లో ఏం చేస్తాను?"

"కరెంటు పోయి వస్తే స్టార్టు చెయ్యడం వచ్చా?"

"రాదు. నేర్పు."

కాటా గది తాళం వేసి అతని వెంట మిషను రూముకు వెళ్లాను. అంత చప్పుడులో ఒకరి మాట ఒకరికి వినపడదు. అతను నా చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు. ముందు నూనె మట్టం చూడాలి. తరవాత నీళ్ల పంపు. పంపు తిరిగి రెండు నిమిషాలయ్యాకే ఆకుపచ్చ బటను. తొందరపడితే మిషను పాడవుతుంది. మీటరు ముల్లు ఇక్కడికి వచ్చేదాకా చెయ్యి తియ్యకూడదు.

"ఏది ముందన్నావ్?" అని అరిచాను.

"నూనె అన్నా, నూనె! చెప్పింది వినవేం?" అని అతను నా చెయ్యి పట్టుకుని నూనె మట్టం కనిపించే అద్దం మీద పెట్టి, ఎంత ఉండాలో వేలితో గీత గీసి చూపించాడు.